రెండున్నర చుట్లకో టిక్కు

ఆర్వో కెస్టీ దగ్గరికి బండి తెచ్చి "ఏదో చప్పుడొస్తోంది" అంటే, ఆయన బండిని చూసేవాడు కాదు, తెచ్చినవాణ్ణి చూసేవాడు.

"ఏదో అంటే ఏంటి? ఇంజనుతో పాటు వస్తోందా, చక్రంతో పాటా? లెక్కపెట్టుకుని రా."

ముసలాడికి పొగరన్నవాళ్లున్నారు. లెక్కపెట్టుకుని వచ్చినవాళ్లు మాత్రం మళ్లీ ఇంకో షాపు గుమ్మం తొక్కలేదు. ఆర్వో పాతికేళ్లప్పుడు మా మిషిగన్ రాగి గనుల్లో బకెట్లు పైకి లాగే యంత్రం దగ్గర పనిచేశాడు. అక్కడ చప్పుడు మారితే కింద ఉన్న మనుషుల ప్రాణాల మీదికొస్తుంది. గనులు మూతబడ్డాక ఆ చెవుల్ని పాత మోటారుసైకిళ్లకు పెట్టాడు. ఎవరూ నేర్పలేదు. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను గేరుబాక్సు మీద, పిడిని చెవి ఎముక మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. అదే షాపులో ఓ మూల నేను వెల్డింగు చేసుకునేవాణ్ణి.

ఆ మే నెల శనివారం పొద్దున, స్కూలు బస్సు నడిపే లెంపీ తన మోటారుసైకిలు తీసుకుపోవడానికొచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల ఇంగ్లీషు బండి. ముందురోజే ఆర్వో దానికి కొత్త చైను వేశాడు. ఆమె సరస్సు రేవు దగ్గర పాత బండ్ల వాళ్లు కలిసే చోటికి వెళుతోంది. ముప్పై అయిదు మైళ్లు. చివర్లో కొండ దిగుడు, వరసగా మలుపులు.

"ఈసారన్నా దారిలో ఆగకుండా పోతుందా ఆర్వో?"

"బండి పోతుంది. నువ్వు కబుర్లకి ఆగకపోతే చాలు."

ఆమె నవ్వుకుంటూ వెళ్లింది. వీధి చివర క్లచ్ పట్టి, ఊరికే దొర్లించుకుంటూ మలుపు తిరిగింది. ఆర్వో కాఫీ కప్పు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

"విన్నావా?"

"ఏంటి?"

"టిక్కు. క్లచ్ పట్టాక కూడా ఉంది. బండి నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. అంటే ఇంజను కాదు." వేలితో బల్ల మీద తట్టుకుంటున్నాడు. "చక్రమైతే చుట్టుకొకటి రావాలి. ఇది అంతకంటే అరుదుగా వచ్చింది. రెండున్నర చుట్లకి ఒకటి. చైను ఒకసారి పూర్తిగా తిరిగి రావడానికి పట్టేది అంతే."

చైను రెండు కొసల్నీ కలిపేచోట గుర్రపు లాడం ఆకారంలో చిన్న క్లిప్పు ఉంటుంది. చైను పై వరసలో దాని మూసిన వైపు బండి పోయే దిక్కుకే ఉండాలి. తిరగేసి పెడితే తెరిచిన మొనలు దేనికో తగిలి క్లిప్పు ఊడుతుంది. చైను తెగితే వెనక చక్రం బిగుసుకుపోవచ్చు.

"నువ్వా తిరగేసి పెట్టేది? వేలసార్లు పెట్టి ఉంటావు," అన్నాను.

ఆయన లేచి, నేలమీద స్టాండు గుర్తుల్ని చూశాడు. ఆయన షాపులో బండ్లన్నీ ముక్కు తలుపు వైపు పెట్టి నిలబడతాయి. నిన్న తలుపు దగ్గర నా మంచుబండి, చలికాలం మంచు మీద నడిపేది, అడ్డంగా ఉందని లెంపీ బండిని ముక్కు లోపలికి తిప్పి నిలబెట్టాం.

"నా చేతులు మూసిన వైపు తలుపుకే పెడతాయి," అన్నాడు మెల్లగా. "వాటికి బండి తెలీదు. తలుపే తెలుసు."

అప్పటికి సెల్‌ఫోన్లు లేవు. నా ట్రక్కులో బయల్దేరాం. ఆర్వో కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డంతా వెతుకుతున్నాడు. ప్రతి మలుపులోనూ నల్లటి రబ్బరు గీత కనిపిస్తుందేమోనని నాకు భయం. ఒకచోట కనిపించింది కూడా. అది పాతది, ఎండలో వెలిసిపోయింది.

ముప్పయ్యో మైలు దగ్గర, దిగుడుకి కాస్త ముందు, రోడ్డు వార కంచె పక్కన స్టాండు మీద బండి ఉంది. మనిషి లేదు.

నేను ఆపేలోపే ఆర్వో దూకేశాడు. "లెంపీ!"

"అరవకు, లెక్క తప్పుతుంది!" బండికి అవతలివైపు చతికిలబడి ఉంది. టైరు మీద తడిమట్టితో ఓ గీత పెట్టుకుని చక్రాన్ని చేత్తో తిప్పుతోంది. "రెండున్నర చుట్లకి ఒకటొస్తోంది. ఇప్పుడు చెప్పు. ఊరికే అడగట్లేదు, లెక్కపెట్టుకునే అడుగుతున్నా."

క్లిప్పు ఇంకా ఉంది. ఒక కాలు గాడిలోంచి బయటికొచ్చి చైను కవరుకు కొట్టుకుంటోంది. ఇంకో కాలు పట్టుకుని ఉంది, అంతే.

"నాదే తప్పు," అన్నాడు ఆర్వో. "తిరగేసి పెట్టాను."

లెంపీ ఏదో వెటకారం ఆడబోయి, ఆయన మొహం చూసి మానేసింది.

జేబులోంచి కొత్త క్లిప్పు తీశాడు. ప్లయరుతో పెట్టబోయాడు. రెండుసార్లు జారింది. మూడోసారి క్లిప్పు గులకరాళ్లలో పడింది. లెంపీ దాన్ని ఏరి తుడిచి, ఆయన చేతిలోంచి ప్లయరు తీసుకుంది.

"మూసిన వైపు ఎటు?"

"నువ్వు పోయే వైపు."

క్లిప్పు టక్కున కూర్చుంది. ఆర్వో గోటితో మూడుసార్లు లాగి చూసి, తలూపాడు.

ఆమె ముందు, మేము వెనక. దిగుడు మొదలవగానే ఆర్వో అన్నాడు, "ఇంజను ఆపు. దాని మోతలో ఏమీ వినబడట్లేదు."

"మతిపోయిందా నీకు? ఈ దిగుడులోనా!"

"బ్రేకులు నువ్వు చూసుకో. చెవులు నేను చూసుకుంటా."

ఆపేశాను. సరస్సు మీదినుంచి మంచుగాలి కొడుతున్నా ఆయన తల లోపలికి తీయలేదు. నాలుగు మైళ్లు అలాగే జారాం. నా అరచేతులు స్టీరింగుకి అంటుకుపోయాయి. రేవు కనిపించాక ఆయన కిటికీ అద్దం పైకెత్తాడు.

"రేపట్నుంచి నీ మంచుబండి బయట పెట్టుకో," అన్నాడు.