మునిరామయ్య పెనంలో అగ్నిపర్వతం

మా ఊళ్ళో బెల్లం వండే మునిరామయ్యకు చదువు రాదు. నాకు ఉద్యోగం వచ్చిందంటే మాత్రం ఆయన చలవే. కాదన్నవాళ్ళతో నేను పోట్లాడతాను.

1979లో చిత్తూరులో టీచర్ ట్రైనింగు చేస్తున్నాను. ఆఖరి పరీక్షకు అగ్నిపర్వతాల పాఠం చెప్పాలి. అది తప్పితే ఇంకో ఏడు చదివించే ఓపిక మా నాయనకు లేదు. "భూఫలకాలు కదులుతాయి, ఒకటి ఇంకోదాని కిందికి పోతుంది, అగ్నిపర్వతం పుడుతుంది" అని కంఠతా పట్టాను. రాయి కదలడమేమిటో, నా బొంద, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

పరీక్షకు ముందు సాయంత్రం మా ఊళ్ళో బెల్లం గానుగ దగ్గర కూర్చుని అదే వల్లిస్తూ ఏడుస్తున్నాను. మునిరామయ్య పొయ్యిలో మంట తగ్గించి పిలిచాడు.

"ఏడుపెందుకు పాపా? ఇట్ల రా, పాకం సూడు."

బాణలి లాంటి ఆ పెద్ద పెనంలో చెరకు పాకం మీద మీగడలా పొర కట్టింది. అడుగున వేడెక్కిన పాకం పైకొచ్చి పక్కలకు జరుగుతుంటే, పొర ముక్కలూ మెల్లగా కదులుతున్నాయి. రెండు ముక్కలు ఎదురుపడ్డాయి. చల్లారి బరువెక్కినది రెండోదాని కిందికి దూరిపోయింది.

"ఓరి దేవుడా!" అని ఎగిరి గంతేశాను. ఆ సంబరంలో, కిందికి పోయే ముక్కను ఇంకాస్త నొక్కుదామని నీళ్ళతొట్టిలోని గరిటె తీసి పొర కింద దూర్చాను. కాగే పాకంలో తడి గరిటె! పాకం బుస్సున ఎగసింది. మునిరామయ్య నన్ను పక్కకు నెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి దాకా కాలింది.

"తడి కిందికి పోతే అంతే పాపా, ఊరకుండదు" అన్నాడు పళ్ళు బిగబట్టి.

పుస్తకంలోని మిగతా సగం అప్పుడు అర్థమైంది. సముద్రం కింది ఫలకం దిగేటప్పుడు నీటినీ లోపలికి తీసుకుపోతుంది. ఆ నీరు తగిలితే పైనున్న వేడిరాయి సులువుగా కరుగుతుంది. కరిగింది తేలికై పైకి వస్తుంది, లోపలి ఆవిరి, వాయువుల బలంతో బద్దలవుతుంది. పాకంలో కరిగేదేమీ లేదు, ఆవిరి ఎగదన్నడమే. పరీక్ష రోజు క్లాసులో పాకం సంగతంతా చెప్పాను, ఆ తేడా కూడా.

"ఇది ఏ పుస్తకంలోదమ్మా?" అన్నాడు పరీక్షకు వచ్చిన సారు.

"పుస్తకం కాదు సార్, మునిరామయ్య గారు చూపించారు. బెల్లం వండుతారు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చెయ్యి ఎట్లా కాలిందో అందరికీ చెప్పేశాను. నవ్వు ఆగింది. పాసయ్యాను.

ఊరికి పరుగున పోయి ఇదంతా చెబితే, చేతికి గుడ్డ కట్టుకున్న మునిరామయ్య ముఖం చిన్నబోయింది.

"చెయ్యి కాలిండేది గూడా చెప్తివా? యాల పాపా? పెనం కాడ ఆడబిడ్డకు జాగర్త చెప్పకపాయనని నలుగురూ నన్ను అనుకోరా?"

తప్పు చేసిందేమో నేను, సిగ్గుపడుతున్నదేమో ఆయన! కాళ్ళ మీద పడి ఏడ్చేశాను.

"లెయ్ పాపా, లెయ్. టీచరమ్మవి, ఎవురన్నా సూస్తారు" అని ఆయనే కంగారుపడ్డాడు.