గుడ్డలో తాళంకప్ప

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన టీ తాగొచ్చానంటే ఏ హోటల్లో అని అడిగే రకాన్ని. ఆశా కార్యకర్త పనికి ఆ గుణం మంచిదేననుకునేదాన్ని. బాలింత ఉన్న ఇంటికి వెళ్తే ముందు పాలసీసా వాసన చూస్తాను, తర్వాతే మాట్లాడతాను.

ధర్మసాగర్ పక్కన మా ఊళ్లో ఒక ఇంటి మీద మొదటినుంచీ నా కన్నుంది. కోడలు కాన్పయిన పదో రోజే మిరపకాయలు ఏరడానికి కూలికి పోయింది. పసివాడు అత్త చేతిలో. ఆమె పాలలో నీళ్లు కలిపి పోస్తోందని నా అనుమానం.

"తల్లిపాలే బిడ్డా, పొద్దుగాల గిన్నెల పిండి పెట్టి పోతది" అంది అత్త. నమ్మలేదు.

ఏడో రోజు బాబు రెండు కిలోలున్నాడు. పద్నాలుగో రోజు సంచిలో వేసి త్రాసుకు వేలాడదీస్తే ముల్లు రెండున్నర చూపింది. వారంలో అరకిలోనా? త్రాసు మీదే అనుమానమొచ్చి కిలో ఉప్పు ప్యాకెట్ తూచాను. సరిగ్గానే ఉంది. గుడ్డ విప్పబోతే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పకు బిడ్డా, చలి పెడుతది."

మడతలో చెయ్యి పెడితే ఇనుప తాళంకప్ప తగిలింది. గాలి సోకకుండా పెట్టిందట. మా అమ్మ కూడా నా పిల్లల పక్కన ఇనుము పెట్టింది, నేనేమంటాను? తాళంకప్పకు పావుకిలో తీసేసి, పెరుగుతున్నాడని రాసుకుని వచ్చేశాను.

ఇరవై ఒకటో రోజు సంచిలో వేసినా వాడు ఏడవలేదు. ఎవరి మాటా వినకుండా గుడ్డంతా విప్పాను. తాళంకప్ప కింద పావుకిలో తూకంరాయి. బట్టల్లేని బిడ్డ రెండు కిలోలు కూడా లేడు.

నేను అరిస్తే ముసలామె కూడా అరిచింది. "నేనేమన్న సంపుతున్ననా? బరువు తక్కువంటే పెద్ద దవాఖానకు పంపుతవు. కోడలు ఆడ కూసుంటే కూలి గుంపుల దీని జాగ ఇంకొకలకు వోతది. ఇంట్ల పొయ్యి ఎట్ల ముట్టియ్యాలె?"

మిరప పని ఉండేది రెండు నెలలే. ఆ కూలి మీదే ఏడాదిలో సగం గడవాలి. అది నాకు తెలియనిదేం కాదు. చేను నుంచి తల్లిని పిలిపించి అంబులెన్స్ ఎక్కించాను. మూడో రోజు బాబు చనిపోయాడు.

వారం తర్వాత ఆ తల్లి మళ్లీ మిరపకాయలు ఏరుతోందని తెలిసి చేనుకు వెళ్లాను. గట్టు మీదికి వచ్చి నిలబడింది. పాలు చేపి రవిక తడిసి ఉంది, కొంగుతో కప్పుకుంది.

"అక్కా, ఆ ముందు వారమే గుడ్డ ఇప్పి సూస్తే బతుకుతుండెనా?"

"లేదమ్మా" అన్నాను.

నా ముఖంలోకి కాసేపు చూసి, మళ్లీ సాలులోకి వెళ్లిపోయింది. నమ్మలేదని నాకు తెలుసు.