హెలికాప్టర్ చుట్టూ తొమ్మిది చుట్లు

ఎల్లయ్య ఒక చుట్టు తిరిగి చూడందే ఏ వాహనమూ కదలకూడదు. ఇది పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఆ పైపుల కర్మాగారం పెట్టిన నియమం కాదు. దాని గేటు కాపలాదారు ఎల్లయ్య సొంత శాసనం. భానూర్‌లో ఎడ్లబండి తోలిన రోజుల్లో ఇరుసు కడసీల ఊడి, చక్రం ఒక దిక్కు, తాను ఒక దిక్కు పోయిన నాటి నుంచి కదిలే వస్తువు దేని మీదా ఆయనకు నమ్మకం లేదు. లారీ టైర్లను కర్రతో కొట్టి చూసేవాడు, తాళ్ల ముడులు లాగి చూసేవాడు. కూతురి పెళ్లి జీపు చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. వియ్యంకుడు అలిగితే, పెండ్లికి ఏడడుగులుంటే జీపుకు ఏడు సుట్లు ఉండొద్దా అని ఎదురడిగాడు. పెద్దన్న పాడె ముడులు సైతం పరీక్షిస్తుంటే మోసేవాళ్లకు ఓపిక నశించింది. "మామా, పెద్దమామకు తొందర లేదు గని మా భుజాలకున్నది" అన్నారు.

డిస్పాచ్ గుమాస్తా విజయకుమారికి ఈ చుట్లు పెద్ద తలనొప్పి. ఆలస్యానికి సంజాయిషీ రాయవలసింది ఆమే. అందుకే ఆరు నెలలపాటు గడియారం ఎదుట పెట్టుకొని ప్రతి లారీ ఆగిన కాలాన్నీ పట్టికలో నమోదు చేసింది. పట్టిక పూర్తయ్యాక తలనొప్పి రెట్టింపయింది. ఒకే లారీకి, పక్కనే ఉన్న ముత్తంగి నుంచి వచ్చిన రోజు మూడు నిమిషాలు. బొంబాయి నుంచి వచ్చి వెంటనే లోడెత్తుకున్న రోజు నలభై. పైగా ఆ నలభై నిమిషాల రోజుల్లో కర్ర దెబ్బ చాలా మెత్తగా పడేది. కారణం అడిగితే, "జెర ఎక్కువ సూడబుద్ధయింది, బిడ్డా" అనేవాడు.

తొంభై నాలుగు వేసవిలో కొత్త షెడ్డు ప్రారంభానికి చైర్మన్ కిరాయి హెలికాప్టర్‌లో వచ్చి కర్మాగారం వెనుక మైదానంలో దిగాడు. ఎక్కడ చూసినా ఎర్ర రిబ్బన్లు, పైగా గాలిదుమారం. గంటలో పని ముగించి, వెంటనే బీదర్ పోవాలన్నాడు. పైలట్ నేరుగా వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. ఎల్లయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"సుట్టు తిరిగి సూసినవా, సారూ?"

పొద్దున బయలుదేరేటప్పుడే చూశానన్నాడు పైలట్.

"పొద్దుగాల తిన్నోనికి మాపటికి ఆకలి కాదా?"

జనరల్ మేనేజర్ కాశీనాథ్ పరుగెత్తుకొచ్చాడు. పక్కకు జరగకపోతే రేపటి నుంచి ఉద్యోగం ఉండదన్నాడు. పింఛనుకు ఎల్లయ్యకు ఇంకా ఎనిమిది నెలలుంది.

"రేపటి ముచ్చట రేపు సూద్దాం. ఇయ్యాల గేటు నాది."

"ఈ మైదానంలో గేటెక్కడుందయ్యా?"

"నేనున్న కాడ గేటున్నట్టే, సారూ."

తొలగింపు ఉత్తరం టైపు చేసి, సాక్ష్యంగా ఆ పట్టిక కూడా తెమ్మని కాశీనాథ్ విజయకుమారిని పంపాడు. చైర్మన్ నీడకు పోయి చాయ్ తెప్పించుకున్నాడు. ఎల్లయ్య నడక మొదలైంది. పెళ్లి జీపు లెక్క దాటింది. విజయకుమారి ఉత్తరం తెచ్చి కాశీనాథ్‌కిచ్చి, పట్టికతో పక్కన నిలబడింది. తొమ్మిదో చుట్టుకు ఆమె గడియారంలో నలభై ఎనిమిది నిమిషాలు గడిచాయి. పైలట్ గురక మైదానం చివరికి వినిపిస్తోంది.

అప్పుడు ఎల్లయ్య తోక దగ్గర ఆగి, పైలట్‌ను లేపి, "సారూ, గీ ఎర్ర పట్టీ ఏంది?" అని అడిగాడు.

అందరూ అది ప్రారంభోత్సవం రిబ్బన్ అనుకున్నారు. పైలట్ ముఖం పాలిపోయింది. దిగాక గాలికి ఊగకుండా పైరెక్కను తోకకు కట్టింది తానే. ఆ కట్టుతోనే ఇంజను తిప్పి ఉంటే హెలికాప్టర్ నేల మీదే ముక్కలయ్యేది. కాశీనాథ్ చేతిలోని ఉత్తరం నాలుగు మడతలై మెల్లగా జేబులోకి పోయింది.

పైలట్ పట్టీ విప్పి, ముఖం కడుక్కొని, ఎవరూ చెప్పకుండానే హెలికాప్టర్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగాడు. వెనకే ఎల్లయ్య, పరీక్ష పెట్టిన పంతులులా. ఆ తరువాత లేని గేటును ఎత్తినట్టు కర్ర పైకెత్తి, పొమ్మన్నాడు.

"గంత పొడుగు పట్టీ మొదటి సుట్టులనే కనవడలేదా, కాకా?" అంది విజయకుమారి.

"కనవడ్డది. అప్పుడే చెప్తే ఇప్పి ఎగిరిపోతుండె. తాను కట్టింది తనకే యాదికి లేనోడు పైకి పోయినంక ఇంకేం మరుస్తడో? కండ్లు సూసినవా, పండుమిరపకాయల లెక్క ఉన్నయి. జెర కునుకు తియ్యనీ అని తిరిగిన."

విజయకుమారి పట్టిక వంక చూసింది. బొంబాయి, నలభై. షోలాపూర్, ముప్పై. ముత్తంగి, మూడు. ఆరు నెలలు ఆమె కొలిచింది లారీల ఆలస్యం కాదు, డ్రైవర్ల నిద్ర.

మరునాడు బొంబాయి లారీ డ్రైవరు ఎర్రబడ్డ కళ్లతో గేట్ పాస్ కోసం వచ్చాడు. జల్దీ పంపమని కాశీనాథ్ లోపలి నుంచి కేకేశాడు. ముద్ర కనబడుతలేదు సార్, వెతుకుతున్నానని విజయకుమారి వినయంగా జవాబిచ్చింది.

పిడికిట్లో ముద్ర పట్టుకొని, నలభై నిమిషాలు వెతికింది.