ఫస్ట్ గేరులో దిగిన మామ

ఇది చదవడానికి కూర్చున్న పెద్దలకూ, పిన్నలకూ, మా బంధువర్గంలో నామీద ఇప్పటికే కోపంగా ఉన్నవాళ్ళకూ ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుకుంటున్నాను. పోయినవాళ్ళను గురించి అచ్చులో రాయాలంటే వాళ్ళు కనీసం ఒక బడి కట్టించి ఉండాలి, లేదా ఒక ఎన్నికలో ఓడిపోయి అయినా ఉండాలి. మా మామ ఆ రెండూ చేయలేదు. పోయిన శుక్రవారం పొద్దున రాయకోట టమాటా మండీలో టెంపోలోంచి బుట్టలు దించుతూ, ఛాతీ పట్టుకుని కూర్చుని, లేవలేదు. ఆయన సాధించిందల్లా ఒకటే: ఒక పదార్థాన్ని తినకుండా ఉండడం. చేయని పనికి ఇన్ని పేరాలు ఖర్చుపెడుతున్నందుకు మరొక్కసారి క్షమించండి.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఊరు ఉద్దనపల్లి. తొంభైలలో కృష్ణగిరి నుంచి లారీ తోలేవాడు. మామిడి సీజన్లో మామిడి, తక్కిన కాలమంతా రాయి, ఉత్తరదేశం దాకా. ఆ దారిలో కొన్ని ఢాబాలలో డ్రైవర్లకు నిద్ర రాకుండా, నడుము నొప్పి తెలియకుండా టీతో పాటు నల్లమందు దొరికేది. "ఒక ట్రిప్పుకని తిన్నాను అల్లుడా. ట్రిప్పు అయిపోయె, అది అయిపోలా" అనేవాడు. ఇంటికి వచ్చినా అది పడాలి. పడకపోతే ముక్కు కారి, కాళ్ళు పీకి, ఆవులింతల మీద ఆవులింతలు వచ్చి, మంచం మీద చేపలా కొట్టుకునేవాడు. చివరికి ఓనరు లారీ తాళం తీసేసుకున్నాడు. ఆ మర్నాడే అత్త ఆయన్ని బస్సెక్కించి బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చాడు. నల్లమందు కోసం అల్లాడే ఒంటిని నెమ్మదింపజేసి, మనిషి మళ్ళీ అన్నం తిని పనికి పోయేలా నిలబెట్టే మందు అది. నిలదొక్కుకున్నాక దాన్ని కూడా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి. మాత్రల డబ్బా అత్త దగ్గరే ఉండాలి. మాత్ర కరిగేదాకా మామ మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు. ఇవీ షరతులు.

మామ పొద్దున్నే నీళ్ళు పోసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, నాలుక కింద మాత్రతో అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. పక్కింటి అవ్వ వచ్చి, "ఏమప్పా, పిలిస్తే పలకవు, అంత పెద్దోడివైపోయినావా?" అంది. మామ చెయ్యి అడ్డంగా ఊపాడు. విషయం ఊళ్ళో పొక్కకూడదని అత్త మాతో ఒట్టు వేయించుకుని ఉంది. నేనప్పుడు కాలేజీ సెలవులకు అక్కడే ఉన్నాను, తలకు మించిన తెలివితో.

"మౌనవ్రతం అవ్వా. పొద్దున మాట జారితే ఫలం పోతాది" అన్నాను.

వారం తిరగకముందే అవ్వ ఊరికే ఏడుస్తున్న మనవడిని ఎత్తుకొచ్చి మామ ముందు నిలబెట్టింది. నోట్లో మాత్ర, వద్దనడానికి లేదు. మామ దిక్కులేక వాడి నెత్తిన చెయ్యి పెట్టాడు. ఖర్మ కొద్దీ వాడు ఏడుపు ఆపాడు. ఆ తర్వాత టెంకాయలు రావడం మొదలైంది.

"దొంగసామిని జేసినావు గదరా నన్ను" అన్నాడు మామ, మాత్ర కరిగాక.

"చట్నీకి అయ్యింది గదా, గమ్మునుండు" అంది అత్త.

మా పెద్దమామకు ఇది మింగుడు పడలేదు. ఆయన అమ్మకు అన్న, ఇంటికి పెద్ద. బంధువుల ఇంట్లో నిశ్చితార్థం పంక్తిలో కూర్చుని, అందరూ వినేలా, "పొద్దున్నే మాత్ర పెట్టుకునేవాడు మానినోడెట్ల అవుతాడప్పా? ఒక దయ్యాన్ని దించి ఇంకో దయ్యాన్ని ఎక్కించుకున్నాడు, అంతే" అన్నాడు. మామ విస్తరి ముందునుంచి లేవలేదు, తినలేదు కూడా. మర్నాడు అత్త మాత్ర తెస్తే, "ఇంక వద్దు" అన్నాడు. డాక్టరును అడగలేదు, తగ్గించుకోలేదు. ఒక్కసారిగా ఆపేశాడు.

మొదట కొన్నాళ్ళు పంటి బిగువున ఉన్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున అరుగు ఖాళీ. కృష్ణగిరిలో లారీలు నిలిచే చోటికి పోయాడని ఎవరో చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చి, గడప దాటకుండానే, ఎవరూ అడగకుండానే, "తినేసినాను" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఏ పరిస్థితికైనా నా దగ్గర ఒక జోకు ఉంటుందని పేరు. ఆ రోజు లేదు. అత్త ఏడవలేదు. రాగిముద్ద వడ్డించి, "తిను. రేపు ఫస్టు బస్సుకు పోదాము" అంది.

డాక్టరు దగ్గరికి నన్నూ వెంటబెట్టుకుపోయారు, ఇంగ్లీషు వస్తుందని. డాక్టరుకు తెలుగు వచ్చు. నా చదువు అలా వృథా అయింది.

"ఎవరు ఆపమన్నారు?" అన్నాడాయన.

"మా అన్న సార్."

"మీ అన్న డాక్టరా?"

"పంచాయితీ చేస్తాడు సార్."

డాక్టరు నవ్వలేదు, తిట్టలేదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడదాం అన్నాడు. ఆ "మొదటినుంచి" అన్న మాటకు మామ ముఖంలో కనిపించిన అలసటను మళ్ళీ నేను ఎవరి ముఖంలోనూ చూడలేదు. బండకు భుజం పెట్టి కొండ సగం దాకా తోసినవాడికి, బండ కిందికి పోయింది, దిగి రమ్మన్నట్టు. అయినా దిగాడు.

ఆ వారమే పెద్దమామ ఇంటికొచ్చి మళ్ళీ ఆ మాటే ఎత్తుకున్నాడు. ఈసారి మామ నోట్లో మాత్ర లేదు.

"అన్నా, నువ్వు తొప్పూరు ఘాట్లో లోడుబండి తోలినావా?"

"నాకెందుకప్పా ఆ పీడ?"

"అందుకే చెప్తాండాను విను. ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగల్ల. డీజిలు మిగుల్తాదని న్యూట్రల్లో ఇడిస్తే, మిగిలేది డీజిలే, బండి గాదు. మొన్న నీ మాట విని న్యూట్రల్లో ఇడిసినాను. ఇంక ఫస్ట్ గేరులోనే దిగుతాను. లేటైతే కానీ."

"బండి పోయినా మాటలు మాత్రం బాగా తోల్తాండాడు" అని పెద్దమామ లేచి పోయాడు. కానీ ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

దిగడానికి ఏళ్ళు పట్టింది. డాక్టరు సగం చేయమంటే అత్త మాత్రను వక్కలు కొట్టే అడకత్తెరతో సగం చేసేది. తర్వాత సగంలో సగం. ఊపిరి బిగబట్టి, కంచంలో పెట్టి, టక్కున నొక్కేది. ఒకసారి ముక్క ఎగిరిపోయింది. మేము ముగ్గురం మోకాళ్ళ మీద నేలంతా వెతుకుతుంటే ఒక కోడి కూడా వచ్చి వెతకడం మొదలుపెట్టింది. అత్త దాన్ని వీధి చివరిదాకా తరిమింది. ఆ కోడి వారం రోజులు ఎంతో శాంతంగా గుడ్లు పెట్టిందని నేను ప్రచారం చేశాను. అది అబద్ధం. ముక్క చాప కింద దొరికింది.

చివరి ముక్క కూడా అయిపోయాక పండగలా ఉంటుందనుకున్నాను. అలా ఏమీ లేదు. నిద్ర సరిగ్గా పట్టదు, అన్నం రుచించదు, పొద్దు గడవదు. ఆ ఏడాది కాలేజీ సెలవులలో తెల్లారగానే ఆయన వెంట టమాటా తోటలోకి పోయేవాణ్ణి. మామ ఒక్కో మొక్కనూ పురికొసతో కట్టెకు కడుతూ పోయేవాడు.

"నొప్పైతే ఓర్చుకుందును అల్లుడా. ఇది నొప్పి గాదు. బేజారు. వట్టి బేజారు."

"టీవీ చూడు మామా."

"చూసినాను. దానికీ నన్ను చూసి బేజారే."

"ఎంతకాలం ఉంటాది ఇట్ల?"

"ఈ సాలు అయ్యేదాకా."

"అయినంక?"

ఆయన తలెత్తకుండా ముడి బిగించాడు. "పక్కన ఇంకో సాలు కనబడలా నీకు?"

పొద్దున అరుగు మీద కూర్చోవడం మాత్రం మానలేదు. నాలుక కింద ఏమీ లేదు కదా, ఇంకా ఎందుకని అడిగితే, "నోరు మూసుకునేదానికి మాత్ర కావల్లనా?" అన్నాడు. నన్ను ఉద్దేశించే అన్నాడని అత్త అభిప్రాయం.

తర్వాత ఆయన లారీ జోలికి పోలేదు. పాత టెంపో ఒకటి తీసుకుని చుట్టుపక్కల రైతుల టమాటాలు మండీకి వేసేవాడు. నేను హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో చేరాను. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. క్లినిక్కు నిండా జనం. మామ కౌంటరు ముందు నిలబడి, మండీలో వేలం పాడే గొంతుతో, "అమ్మా, నేను నల్లమందు తిని మానినోణ్ణి. నొప్పికి ఆ జాతి మందు ఏదీ రాయొద్దని డాక్టరమ్మకు చెప్పండి" అన్నాడు. హాలంతా ఆయన్ని చూసింది. నేను గోడమీది దవడ బొమ్మను పరీక్షకు చదివినట్టు చదివాను.

బయటికొచ్చాక, "మెల్లగా చెప్పరాదా మామా?" అన్నాను.

"మెల్లగా చెప్తే నాకే వినబడదు అల్లుడా."

ఊరికి ఆయన సామిగా మిగలలేదు. ఇలా ఆయనే అందరికీ చెప్పేసుకున్నాడు. టెంకాయలు ఆగిపోయాయి. అవ్వ మనవడు మాత్రం పెద్దవాడయ్యాక కూడా ఆయన కనిపిస్తే తల వంచేవాడు, అలవాటు కొద్దీ.

శుక్రవారం మండీవాళ్ళు నాకే ఫోన్ చేశారు. అత్త ఆ రోజు కావేరిపట్టణంలో తన చెల్లెలి ఇంట్లో ఉంది. ఆమెకు కబురు పంపి, హోసూరు నుంచి మోటారు సైకిల్ మీద, మామను చేర్చిన రాయకోట ఆసుపత్రికి చేరాను. వరండాలో స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఉన్నారు. గుండె ఆగిపోయిందని అక్కడి డాక్టరు చెప్పాడు. మండీ నుంచి వెంట వచ్చిన ఒక పాత లారీ డ్రైవరు నన్ను పక్కకు పిలిచి, "ఏమప్పా, మళ్ళా ఏమన్నా మొదలుబెట్టినాడా?" అన్నాడు. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఇన్నేళ్ళు నిలబడిన మనిషిని పోయినాక కూడా నమ్మరా అని వరండా అదిరేలా అరిచాను. అల్లుడంటే ఇట్లుండల్ల అని ఎవరో అన్నారు. తర్వాత వచ్చిన పెద్దమామ అది విని నా భుజం తట్టాడు కూడా.

మొదట కోరిన క్షమాపణలన్నీ ఉత్తవని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నిజంగా నేను చేసిన పని ఒకటుంది. ఆ డ్రైవరు అడగకముందే, నర్సు అటు తిరగగానే, మామ చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. తర్వాత ప్యాంటు జేబులు, ఒకటి, రెండోది. ఒక బీడీ కట్ట, వాడిపోయిన టమాటా తొడిమ. అంతే. కంగారులో, లాగిన జేబుగుడ్డను లోపలికి తోయడం మరిచిపోయాను.

అత్త వచ్చింది. మామ ముఖం చూసింది. బయటికి వేలాడుతున్న జేబు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏమన్నా ఉండిందా?"

"లేదత్తా."

"ఉండదు" అంది.

జేబుగుడ్డను రెండు వేళ్ళతో లోపలికి తోసి, పైన అరచేత్తో సర్ది, ఆ చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడింది.