మూడో చుక్క

దయ్యం, గాలి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఫిజిక్స్ టీచర్ని. మాది అహోబిలంలో గుడి సేవ చేసుకునే కుటుంబం, అయినా మా ఇంట్లో పిల్లలకు తాయెత్తు కట్టనివ్వను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దయ్యమేమీ లేదు. నాలుగు ఫొటోలు, రెండు గ్రాఫ్ కాగితాలు, నేను చేసిన ఒక తప్పుడు పని ఉన్నాయి.

నేను ఆళ్లగడ్డలో ఉంటాను. రోజూ బస్సులో నంద్యాల వెళ్లి అక్కడ ఒక స్కూల్లో పనిచేస్తాను. అదే స్కూల్లో లెక్కలు చెప్పే ఎస్తేరక్కది గోస్పాడు దగ్గర పల్లె. నాకంటే ఆరేళ్లు పెద్దది. నన్ను పేరు పెట్టి పిలవదు, గుడివాళ్లమని ఎగతాళిగా 'సామీ' అంటుంది. ఆమె నన్ను చర్చికి రమ్మనడం, నేను ఆమెను కొండకు రమ్మనడం మాకు అలవాటైన వేళాకోళం.

మూడేళ్ల పాటు మేమిద్దరం కలిసి ఒక పని చేశాం. భూమికి దగ్గరగా తిరిగే గ్రహశకలాలను, తోకచుక్కలను వెతికే కార్యక్రమం ఒకటుంది, అందులో టీచర్లు కూడా చేరవచ్చు. ఎక్కడో దూరదేశంలో పెద్ద టెలిస్కోపుతో ఆకాశంలో ఒకే చోటును సమానంగా కొన్ని నిమిషాల తేడాతో నాలుగుసార్లు ఫొటో తీసి మాకు పంపుతారు. వాటిని కంప్యూటర్లో ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ చూడాలి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. రాయి అయితే ఫొటో ఫొటోకూ కొంచెం జరుగుతూ ఒకే గీత మీద పోతుంది. ఒక్క ఫొటోలో మెరిసి మిగతా వాటిలో లేదంటే అది కెమెరా మచ్చ.

ఈ పనికి ఎస్తేరక్క ఒక కట్టుబాటు పెట్టింది. చూసినవాళ్లు నోరు విప్పకూడదు. కనపడిన చోట గ్రాఫ్ కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టి, మడిచి, సుద్దముక్కల డబ్బాలో వేయాలి. రెండోవాళ్లు కూడా చూసి తమ కాగితం వేశాకే ఇద్దరం కలిసి విప్పాలి. రెండూ కలిస్తే, ముందు చూసినవాళ్ల లెక్కతో రిపోర్టు పంపాలి. ఎందుకింత పట్టుదల అని మొదట్లో నవ్వాను. "నువ్వు చెప్తే నాకూ కనపడ్తాది సామీ, అందుకే చెప్పొద్దు" అంది. మూడేళ్లలో మా కాగితాలు కలిసింది రెండుసార్లే. ఆ రెండు రాళ్లూ ఎవరో ఎప్పుడో కనిపెట్టినవే.

పోయినేడు వానాకాలంలో అక్కకు షుగర్ వల్ల కళ్లు దెబ్బతిన్నాయి. వాళ్లాయన డోన్‌లో రైల్వే ఉద్యోగి, సెలవు దొరకలేదు. కంటి డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. డాక్టరు ఆమె ఎడమ కన్ను మూయించి, కుడి కంటి ముందు రెండు వేళ్లు పెట్టి ఎన్ని అని అడిగాడు. అక్క "వెలుగుండాది, అంతే" అంది. కుడి కన్ను ఇక లేనట్టేననీ, ఎడమ కంటికి వెంటనే ఆపరేషన్ చేయాలనీ, అదైనా నిలుస్తుందని మాట ఇవ్వలేననీ ఆయన చెప్పాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, అంతా నా చెవులతో విన్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో అక్క ఒక్కటే మాట అంది. "సోమవారం ఆపరేషనంట. ఈలోపల ఎవురూ చూడనిది ఒకటి దొరికితే చాలు సామీ. కండ్లుండంగా చూసినా అనుకుంటా."

ఆ వారం ఫొటోలు గురువారం వచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నం అక్క కంప్యూటర్ గదిలో ఒక్కతే కూర్చుంది. గంట తర్వాత బయటికి వచ్చి, డబ్బా నా చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయింది. చెప్పనక్కర్లేదు, ఆ ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

శనివారం పొద్దున నేను కూర్చున్నాను. మొదటిసారి ఏమీ కనపడలేదు. వెలుతురు పెంచి, తగ్గించి, మూల మూలా వెతికాను. కళ్లు నీళ్లు కారాయి గానీ ఏమీ దొరకలేదు. మధ్యాహ్నం అక్క వస్తుంది. నా కాగితం ఖాళీగా ఉంటే ఆ ముఖం చూడలేననిపించింది.

నా కాగితం వేయకముందే డబ్బా తెరిచాను. మూడేళ్లలో అదే మొదటిసారి. కింద కుడి మూలన నాలుగు చుక్కలున్నాయి. ఆ చోటును తెర నిండా పెద్దది చేసి చూశాను. ఏమీ లేదు, ఉత్త నలుపు. పైగా ఆమె మూడో చుక్క అడుగు తప్పింది. రెండో దానికీ దానికీ ఎక్కువ ఎడం, దానికీ నాలుగో దానికీ తక్కువ. రాయి అలా ఒకసారి ఉరికి ఒకసారి నెమ్మదించి పోదు. పాపం, ఆశతో లేనిది చూసిందని తీర్మానించుకున్నాను.

ఆ నాలుగు చుక్కలూ నా కాగితం మీద ఎక్కించాను. నాలోని మాస్టారు ఊరుకోలేదు, మూడో చుక్కను సమానమైన ఎడంలోకి జరిపి సరిదిద్దాను కూడా.

అక్క వచ్చి రెండు కాగితాలూ విప్పి, ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. మూడోది కొంచెం తేడాగా ఉందే అంటే, నీ చెయ్యి జారింటుందిలే అన్నాను. నవ్వింది. రిపోర్టు ఆమె లెక్కతోనే పంపాం. లేచి వెళ్లబోతూ అంది: "ఎడమ కంటితో ఏం తెలీలేదు సామీ. అది మూసుకుని చూస్తే కుడి కంటికి కనపడింది."

ఆ కంటి ముందు డాక్టరు పెట్టిన రెండు వేళ్లు గుర్తొచ్చాయి.

ఆపరేషన్ రోజు ఆస్పత్రి బయట వాళ్లాయనతో పాటు కూర్చుని, నేనెప్పుడూ పెట్టుకోని మొక్కులన్నీ పెట్టుకున్నాను. ఎడమ కన్ను నిలిచింది. పెద్ద అక్షరాలైతే చదవగలదు. కుడి కంటికి ఆ వెలుగు కూడా పోయింది.

పది రోజులకు జవాబు వచ్చింది. మీరు చెప్పిన చోట మాకేమీ కనపడలేదు, రిపోర్టు పక్కన పెట్టాం అని. అక్క ఫోన్ చేసి అడిగినప్పుడల్లా ఇంకా రాలేదని అబద్ధం చెప్పాను.

చలికాలంలో రెండో ఉత్తరం వచ్చింది. వేరే దేశంలో ఇంకో టెలిస్కోపుకు ఒక చిన్న రాయి దొరికిందట. దాని దారిని వెనక్కి లెక్కగడితే, మా ఫొటోలు తీసిన వేళకు అది సరిగ్గా మేం చెప్పిన నాలుగు చోట్లా ఉందట. కానీ అప్పటికి అది మా ఫొటోలకు అందనంత మసకగా ఉండిందనీ, ఎలా గుర్తించారో తెలపమనీ అడిగారు. కింద ఇంకో మాట ఉంది. మబ్బు అడ్డం రావడంతో మూడో ఫొటో కొన్ని నిమిషాలు ఆలస్యంగా తీశారట.

ఫైలు విడిగా తెరిచి టైములు చూశాను. నిజమే. ఆ ఆలస్యంలో రాయి ఇంకాస్త ముందుకు జరిగింది, అక్క పెట్టిన మూడో చుక్క సరిగ్గా అక్కడే ఉంది. ఫొటోలు తిప్పి చూసేటప్పుడు ఆ టైములు కనపడవు. వాటిని చూసినా, అంత పెద్ద ఫొటోలో ఆ మూలే ఎందుకని ఎవరు చెప్పగలరు?

ఉత్తరం, డబ్బాలోని రెండు కాగితాలు పట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. మొదటి జవాబు దాచిన సంగతి ఒప్పుకుని, ఇది చదివి వినిపించాను. అక్క సంతోషిస్తుందనుకున్నాను. కాగితాలు అడిగింది. రెండూ మంచం మీద పక్కపక్కన పరిచి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"నీ మూడో చుక్క సమానంగా ఉండాది. చూసినోడు ఆడ పెట్టడు," అంది. "నువ్వు చూల్లేదు కదా సామీ?"

"లేదక్కా," అన్నాను.

తిడుతుందని చూశాను. తిట్టలేదు. భూతద్దం పక్కన పెట్టింది. "ఇన్ని దినాలూ నువ్వు గూడా చూసినావనే ధైర్యంగా ఉన్నా. నేనొక్కదాన్నే చూసింటే, అది ఏంది నాకు కనపడింది?"

బస్సెక్కి వచ్చేశాను. అక్క మళ్లీ ఫొటోల ముందు కూర్చోలేదు. డబ్బా నా బల్ల మీదే ఉంది.

శనివారాలు ఆ నాలుగు ఫొటోలే తిప్పి చూస్తుంటాను. ఒక్కోసారి ఎడమ కన్ను మూసుకుని కూడా చూస్తాను. ఒక్కసారి కనపడితే చాలు, గోస్పాడు బస్సెక్కి వెళ్లి 'నేనూ చూశానక్కా' అని చెబుదామని. ఆ మూల ఉత్త నలుపే. ఆమెకెలా కనపడిందో నాకు ఈరోజుకీ తెలియదు.