కిరాయి చేయి

పోయిన ఆదివారం పేపరు విప్పగానే ఒక రంగుల కరపత్రం జారి ఒళ్ళో పడింది. మేడ్చల్ బస్సు డిపో అవతల కొత్తగా పెట్టిన ఒక బడివాళ్ళది. నాలుగో తరగతి నుంచే రోబోటిక్స్ నేర్పుతామని పెద్ద అక్షరాలతో వేసి, కింద ఒక పసుపుపచ్చ ఇనుప చేయి, దాని ముందు నలుగురు పిల్లలు నవ్వుతూ నిలబడిన ఫొటో వేశారు. ఇంకెవరైనా అయితే పిల్లల మొహాలు చూసి మురిసిపోతారు. నేను మాత్రం భూతద్దం తెచ్చుకుని, వెనక ఉన్న కిటికీ మన వైపు కిటికీయేనా, పిల్లల నీడలూ ఆ యంత్రం నీడా ఒకే వైపు పడుతున్నాయా అని వెతకడం మొదలుపెట్టాను. మా ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి, "మీకు పాలల్ల సుత నీళ్ళే కనవడ్తయ్" అని లోపలికి పోయింది. ఆ రోజుల్లో ఊరి బయటి ఇంజనీరింగు కాలేజీల్లో పనిచేసిన నా ఈడు వాళ్ళకు ఈ రోగం ఎక్కడ అంటుకుంటుందో చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెబుతాను.

తొంభైల్లో నేను జీడిమెట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మనిషి భుజంలా, మోచేయిలా వంగి పనిచేసే యంత్రాన్ని మొదటిసారి చూసింది అక్కడే. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు వెంట నీడలా తిరిగి, ఆయన విసుక్కున్నా వదలకుండా దాన్ని నడపడం నేర్చుకున్నాను. ఆ దశాబ్దం చివరికి ఫ్యాక్టరీ చిక్కిపోయి, ముందుగా రిటైరయ్యే అవకాశం ఇస్తే తీసుకుని, శామీర్‌పేట దాటాక లాల్‌గడి మలక్‌పేట్ వైపు కొత్తగా లేచిన ఒక కాలేజీలో ల్యాబ్ ఇన్‌చార్జిగా చేరాను. ఆ నేల ఒకప్పుడు కాలేజీ చైర్మన్ గారి కుటుంబం ద్రాక్ష పండించిన నేల. పందిళ్ళు పోయినా వాటి రాతి కడీలు కొన్ని దారి పక్కన అలాగే నిలబడి ఉండేవి. పొద్దున బస్సు దిగి ఆ కడీల మధ్య నడుచుకుంటూ పోతుంటే, కాలేజీకి కాక ఎవరి తోటకో కూలికి పోతున్నట్టు ఉండేది.

తలుపు మీద రోబోటిక్స్ ల్యాబ్ అన్న బోర్డు మాత్రం మెరిసిపోతూ ఉండేది. లోపల నాలుగు బల్లలు, రెండు పాత కంప్యూటర్లు, ఒక నల్లబల్ల. రోబో లేదు. అడిగినప్పుడల్లా ప్రిన్సిపాల్ గారు "వస్తుంది, ఆర్డరు పెట్టాం" అనేవారు. ఆయన పాపం మంచివారే కానీ, తన గది తలుపు చప్పుడైనా ఉలిక్కిపడే మనిషి. నేను బొమ్మలు గీసి పాఠం చెబుతుంటే, మొదటి వరుసలో కూర్చునే గాజులరామారం అమ్మాయి ఒక్కతే ప్రతి బొమ్మ కిందా ప్రశ్న వేసేది. వాళ్ళ నాన్న జీడిమెట్లలో ఒక షెడ్డులో వెల్డరు. ఆదివారం చర్చి అయ్యాక ఆయన వెంట షెడ్డుకు పోయి, తనూ ముసుగు పెట్టుకుని వెల్డింగు నేర్చుకుంది. మేడ్చల్ దగ్గరి ఒక ఫ్యాక్టరీ వాళ్ళు ఆ ఏడు చదువు ముగిసేలోగా వచ్చి రోబోలు నడిపేవాళ్ళను కొందరిని తీసుకుంటామన్నారు. అయితే వాళ్ళ పరీక్ష కాగితం మీద కాదు. రోబోను కదిపే మీటల పెట్టె చేతికిచ్చి, నడిపి చూపించమంటారు. ఆ ఉద్యోగం మీదే ఆ అమ్మాయి ఆశంతా. బొమ్మలు చూసి నేర్చుకున్న ఈతతో ఎవరు చెరువు దాటుతారు?

అలాంటి సమయంలో, కాలేజీ అనుమతి కోసం జరిగే ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతుండగా, ఒక మధ్యాహ్నం డీసీఎం వ్యాను ఒకటి వచ్చి ల్యాబ్ ముందు ఆగింది. స్టోర్సూ బండ్లూ చూసే చైర్మన్ గారి బావమరిది ముందు సీట్లోంచి దూకి, "అచ్చిండు సార్ మీ పెండ్లికొడుకు! ఇగ దిష్టి తీయున్రి" అని నవ్వాడు. హమాలీలు పట్టుకుని దించింది నిజంగానే రోబో చేయి, నారింజ రంగుది. ఆ రోజు నా డైరీలో "చేయి వచ్చింది" అని రెండే మాటలున్నాయి. సంతోషంతో ఇంకేమీ రాయలేకపోయాననుకుంటారేమో, కాదు. అనుమానం అప్పటికే మొదలైంది.

అది ఇన్‌స్పెక్షన్ల కాలం. ఆ కాలంలో కాలేజీల మధ్య వస్తువులు చుట్టపుచూపుగా తిరిగేవని మా తరం వాళ్ళందరికీ తెలుసు. ఒక చోటి పుస్తకాలు మరో చోటి అలమారాల్లో, ఒక చోటి లేతు మిషను మరో చోటి షెడ్డులో కనిపించేవి. ఒకోసారి ప్రొఫెసర్లు కూడా అలాగే పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవారు. ఈ చేయి పీఠానికి బోల్టులు పట్టే నాలుగు రంధ్రాలు వంగి చూశాను. ఒకసారి బిగించి వదిలేసిన యంత్రానికి అక్కడ రంగు నిలిచి ఉంటుంది, లేదంటే తుప్పు పడుతుంది. దీనికి రంధ్రాల అంచులు కొత్త గిన్నెలా తళతళలాడుతున్నాయి. ఎన్నోసార్లు బిగించి, ఎన్నోసార్లు విప్పిన మెరుపు అది. ఎవరి సొత్తో చెప్పే రేకును గీకేశారు. సరే, చూద్దామని కరెంటు ఇచ్చి, వేగం బాగా తగ్గించి, అందులో ముందే ఏదైనా నేర్పి ఉంచారేమోనని మీట నొక్కాను. అది మెల్లగా లేచి, నడుము వంచి, మా అందరికీ నమస్కారం పెట్టింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నమస్కారం ఫ్యాక్టరీలో నేర్పే విద్య కాదు. ఎవరెవరో పెద్దలు వచ్చినప్పుడు పెట్టడానికి ఎవరో దానికి శ్రద్ధగా నేర్పారు. పెళ్ళిళ్ళకు తిరిగే బ్యాండు మేళంలా ఇది ఊళ్ళు తిరుగుతోందని, ఇన్‌స్పెక్షన్ అయిన మర్నాడే మా దగ్గర నుంచి లేచిపోతుందని నాకు అనిపించింది. గాజులరామారం అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. పక్కకు వచ్చి మెల్లగా, "ఎన్ని రోజులుంటది సార్ ఇది?" అని అడిగింది. తను కూడా ఆ రంధ్రాలు చూసిందన్నమాట.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, నా అనుమానం బయటపెట్టకుండా, ఇంత బరువున్న చేయి విసురుగా తిరిగితే పీఠంతో సహా ఒరిగి ఇన్‌స్పెక్షన్ పెద్దల మీద పడే ప్రమాదం ఉందని చెప్పాను. అందులో అబద్ధం లేదు. అలాంటి యంత్రాన్ని నేలకు బిగించకుండా నడపకూడదు. ఆయన నుదురు తుడుచుకుని అప్పటికప్పుడే మేస్త్రీని పిలిపించారు. గచ్చు తవ్వి, కాంక్రీటు దిమ్మె పోసి, అది గట్టిపడ్డాక బోల్టులు బిగించాం. నట్లు విప్పడానికి ఒక పానా చాలు కదా అన్న అనుమానం అప్పుడు కూడా వదల్లేదు. అదే మాట పిల్లల ముందు అంటే, గాజులరామారం అమ్మాయి వర్క్‌షాపు నుంచి వెల్డింగు కేబులు లాక్కొచ్చి, మా అందరి ముందే ఒక్కో నట్టునూ బోల్టుకు అతికిస్తూ టాకాలు వేసింది. బావమరిది గుమ్మంలో నిలబడి, "గంత గట్టిగెందుకు సార్? ఉరికిపోతదా ఏంది అది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, కళ్ళు మాత్రం టాకాల మీదే ఉన్నాయి.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒకరు తెల్ల చొక్కాలో, చేతికర్రతో ఉన్నారు. చేయి లేచి నమస్కారం పెట్టగానే, ఆయన కర్ర చంకలో పెట్టుకుని దానికి ఎదురు నమస్కారం చేసి, "బాగున్నారా? ఈ మధ్య తరచుగా కలుస్తున్నామండీ" అన్నారు. చైర్మన్ గారు కండువా సర్దుకున్నారు. నేను నేల వైపు చూపించాను. ఆయన వంగి, టాకాల మీద వేలు పెట్టి రాసి చూసి, కర్రతో దిమ్మెను రెండుసార్లు కొట్టి, చైర్మన్ గారి వైపు తిరిగి, "అయితే ఇక ఊరేగింపులు మానేసి ఇక్కడే కాపురం పెట్టినట్టేనా?" అని అడిగారు. అంతమంది ముందు చైర్మన్ గారు అవుననక ఏమంటారు? యంత్రం నేలకు శాశ్వతంగా బిగించి ఉన్నదని ఆ పెద్దాయన తన రిపోర్టులో రాసుకున్నారు. మమ్మల్ని కాపాడాలని రాశారో, చైర్మన్ గారిని మాటతో కట్టేయాలని రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్ళు వెళ్ళిన కొన్నాళ్ళకు, నేను అనుకున్నట్టే, అదే డీసీఎం వచ్చింది. బావమరిది హమాలీలతో, గ్యాసు కట్టరుతో దిగాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా వెనక పిల్లలు నిలబడ్డారు. కబురు అంది చైర్మన్ గారు స్వయంగా వచ్చారు. ఆయన కోపంగా రాలేదు, నొచ్చుకున్న మనిషిలా వచ్చారు.

"పంతులూ, నువ్వు నన్ను దొంగను జేసినవ్‌రా నాయినా. గిండ్ల దొంగతనమేమున్నది? పెండ్లికి షామియానా ఎవలన్న కొంటరా? కిరాయికి తెచ్చుకుంటరు, అయిపోంగనే ఇచ్చేస్తరు. ఊరంతా గదే జేస్తాంది."

ఆయన మాటలో ఆయన వైపు నుంచి అబద్ధం లేదు. పంటకోత యంత్రమైనా, వంట గిన్నెలైనా వంతుల వారీగా వాడుకున్న ఊరి మనిషి ఆయన. అప్పుడు నా వెనక నుంచి గాజులరామారం అమ్మాయి, "షామియానా పోతె పోనీ సార్. పెండ్లికొడుకును సుత బండెక్కిస్తే పెండ్లెట్లయితది?" అంది.

ముందు హమాలీలు నవ్వారు. తర్వాత ఆపుకోలేక బావమరిదీ నవ్వాడు. చైర్మన్ గారు నవ్వలేదు. ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, "ఎవల బిడ్డవమ్మా? మస్తు నోరున్నది" అన్నారు.

"వెల్డరు బిడ్డను సార్. ఆ టాకాలు నేనే ఏసిన. ఫ్యాక్టరీ పరీక్ష దాంక ఉంచున్రి. అటెనుక మీరు కోస్తనంటే అడ్డం రాను."

ఆయన సైగ చేసి గ్యాసు కట్టరును తిరిగి బండెక్కించారు. పరీక్ష దాకా ఉంటుందని, తాను మాటిస్తున్నానని చెప్పి బండిని వెనక్కి పంపారు.

మాటైతే ఇచ్చారు. నమ్మడం నా చేత కాలేదు. ఆ నెలలన్నీ టీ కూడా ల్యాబ్ కిటికీ దగ్గరే తాగాను. సున్నం వేసేవాడు లోపలికొచ్చినా, బావమరిది ఉత్తినే అటుగా నడిచినా, వాళ్ళ చేతులకేసి చూసేవాణ్ణి. ఎవరైనా క్షేమం అడిగినా ఎందుకడిగాడా అని ఆలోచించేవాణ్ణి. పిల్లలకు అదేమీ పట్టలేదు. ఉన్నన్నాళ్ళూ దక్కినట్టే అన్నట్టు, ఆ మీటల పెట్టె కోసం ఒకరినొకరు తోసుకుంటూ, అన్నం డబ్బాలు బల్లల మీదే ఆరిపోతుంటే నేర్చుకున్నారు. ఆ అమ్మాయి ముందుగా చేసిన పని దాని నమస్కారాన్ని చెరిపేయడం. "ఏడికి పోయినా దండాలు వెట్టుకుంట తిరగొద్దు సార్ అది" అంది. ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి, ఒక ఇనుప రేకు మీద చాక్‌పీసుతో వంకర గీత గీసి, చేయి కొసను ఆ గీత వెంట నడపమన్నారు. తను నడిపింది. మరో ఇద్దరు కుర్రాళ్ళూ నడిపారు. ముగ్గురికీ ఉద్యోగాలు వచ్చాయి.

ఆ వారంలోనే చేయి వెళ్ళిపోయింది. చైర్మన్ గారు అన్న మాట అక్షరాలా నిలబెట్టుకున్నారు. ఒక్కరోజు ముందు తీయలేదు, పరీక్ష అయ్యాక ఉంచనూ లేదు. ఆయన మాట తప్పి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

జూన్‌లో కొత్త బ్యాచ్ వచ్చింది. సీనియర్లు కథలు కథలుగా చెప్పి ఉంటారు, వస్తూనే అది ఎక్కడ సార్ అని అడిగారు. ఏం చెప్పను? నల్లబల్ల ముందు నిలబడి నా కుడి చేయి చాపి, ఇది భుజం, ఇక్కడ ఇన్ని వైపులకు తిరుగుతుంది, ఇది మోచేయి, ఇది ఒక్క వైపుకే, ఇది మణికట్టు అని చెప్పడం మొదలుపెట్టాను. చివరి వరుసలోంచి ఒక కుర్రాడు, "ఇదన్న ఉంటదా సార్ అచ్చే ఏడు?" అన్నాడు. తరగతంతా ఘొల్లుమంది, నేనూ నవ్వాను. రిటైరయ్యే దాకా ప్రతి ఏడూ ఆ చేత్తోనే ఆ పాఠం చెప్పాను.

గాజులరామారం అమ్మాయి ఇప్పుడు ఒక పెద్ద ఫ్యాక్టరీలో కొత్తగా చేరేవాళ్ళకు రోబోలు నేర్పే విభాగం మొత్తం చూసుకుంటోంది. ఏడాదికోసారి క్రిస్మస్ కేకుతో ఇంటికి వస్తుంది. వాళ్ళ దగ్గర చేతులు వరసగా నిలబడి ఉంటాయట. వాటిని ముట్టుకునే ముందు కొన్ని వారాలు కంప్యూటరు తెర మీదే నేర్చుకుంటారట. తప్పు చేసినా ఏమీ విరగదట. ఒకటి పాడైతే సాయంత్రానికి ఇంకొకటి వస్తుందట. పిల్లలు బాగా నేర్చుకుంటారా అని అడిగితే, కేకు కోస్తున్న చేయి ఆపి, "నేర్సుకుంటరు సార్. కానీ ఎవలూ తోసుకోరు" అంది.

తోసుకోవాల్సిన అవసరం లేకపోవడం మంచిదే. మేము కోరుకున్నదీ అదే. రేపు ఉంటుందో లేదో అన్న భయం లేకుండా ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒక యంత్రం అందాలనే కదా అంత కాపలా కాశాం. అది అందింది. అందిన చేతుల్లో మునుపటి ఆత్రం ఉందా లేదా అన్నది ఏ కరపత్రమూ చెప్పదు. ఏ భూతద్దానికీ అది కనిపించదు. ఉందనే నమ్మాలనుకుంటాను. అయితే నమ్మడం నాకు ఎప్పుడూ సరిగా చేతకాలేదు.