దగ్గుమందు పర్చాలో ఆఖరి వరుస

మందుల షాపుల ప్రకటనల వల్ల జనానికి నాలుగు మంచి సంగతులు తెలుస్తాయా అని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. అడిగినవాళ్ళ మీద కాదు. తెలుస్తాయి. మా ఇంటి గుమ్మందాకా వచ్చాయి. అక్కడ వాటిని ఆపేసింది నేను.

ఎనభైల మొదట్లో మేము రాయపూర్‌లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో పనిచేసేవాడు. మా వరుసలో గుంటూరు పక్కనుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు పది దాకా ఉండేవి. ఆడవాళ్ళకు తెలుగు బైబిలు చదవడం వచ్చు, బజారులో హిందీ మాట్లాడడం వచ్చు, హిందీ అక్షరాలు మాత్రం రావు. మా నాన్నకూ రావు. నేను హిందీ బడిలో తొమ్మిది చదువుతున్నాను. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కన చాప పరిచి, ఆ వారం ఇళ్ళకు వచ్చిన కాగితాలన్నీ నా ముందు వేసేవారు. రేషను నోటీసు, కరెంటు నోటీసు, మందుల షాపువాడు పంచే ప్రకటన కాగితం, అదే పర్చా. నేను వరుస కింద వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పేదాన్ని. "జరగండే, పాస్టరమ్మగారు వచ్చారు" అని నన్ను ఆటపట్టించేవాళ్ళు. నా కాళ్ళు నేలమీద నిలిచేవి కావు.

ఆ షాపు కాలనీ గేటు బయటే. ఏ మందు కొన్నా దాంతోపాటు ఒక పర్చా చేతిలో పెట్టేవాడు. వానాకాలం పర్చాలో పైన గ్లూకోజు డబ్బా బొమ్మ. కింద, పిల్లలకు విరేచనాలైతే కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, చక్కెర కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండమని రాశాడు. అప్పటిదాకా మావాళ్ళు అలాంటి బిడ్డకు నీళ్ళే ఆపేసేవాళ్ళు. పక్కింటి పిన్ని నేను చదివింది చదివినట్టు చేసి తన చంటిపిల్లను దక్కించుకుంది. అప్పటినుంచి మా చాప మీద దేవుని వాక్యం తర్వాత పర్చా మాటే.

నెలలో మొదటి ఆదివారం చర్చిలో అందరం ఒకే రొట్టె, ఒకే గిన్నెలో ద్రాక్షారసం పంచుకునే ప్రభు సంస్కారానికి ఆ రొట్టె మా ఇంటినుంచే వెళ్ళేది. శనివారం సాయంత్రం అమ్మ తలస్నానం చేసి, మైదా తడిపి, పులియని రొట్టె పెనం మీద కాల్చేది. పాస్టరుగారు తుంచడానికి వీలుగా వేడిమీదే చాకుతో గళ్ళు గీసేది. ఆ పూట మమ్మల్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు. అమ్మకు నగల్లేవు, పాడే గొంతూ లేదు. నలుగురిలో ఆమెకున్న పేరల్లా ఆ రొట్టే.

అదే చర్చిలో వెల్డింగు పనిచేసే ఒకాయనకు టీబీ వచ్చింది. మందులు వాడి నయం చేసుకుని వచ్చాడు. అయినా ద్రాక్షారసం గిన్నె ఆయన దగ్గరికి అందరి తర్వాతే వెళ్ళేది. అలా చెయ్యమని ఎవరూ అనలేదు. ఆయనే వెనక బెంచీకి జరిగాడు, మిగతావాళ్ళు జరగనిచ్చారు. నేను ముందు వరుసలో కూర్చుని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఆ చలికాలం అమ్మకు దగ్గు పట్టుకుంది. నాన్న దగ్గుమందు సీసా తెచ్చాడు. దాంతో వచ్చిన పర్చా చాప మీదికి వచ్చింది. పైన లావుపాటి అక్షరాలతో, ఎంతటి దగ్గయినా మూడు రోజుల్లో మాయం అని అబద్ధం. మధ్యలో ఆవిరి పట్టమని, చల్లనివి మానమని. అన్నిటికంటే కింద, సన్న అక్షరాల్లో, మూడు వారాలు దాటిన దగ్గు టీబీ కావచ్చు, ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం అని నిజం. అమ్మ దగ్గుకు అది ఐదో వారం. నా ఎదురుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఇంకా ఏం రాశాడే అమ్మాయ్?" అంది పక్కింటి పిన్ని.

"ఏం లేదు పిన్నీ, షాపు అడ్రసు" అన్నాను.

ఇంటికెళ్ళాకైనా చెప్పొచ్చు. చెప్పలేదు. చదివితే అది నిజమైపోతుందని, అమ్మ కూడా వెనక బెంచీకి జరగాల్సి వస్తుందని భయం. లావు అక్షరాల అబద్ధమే నిజం కావాలని ప్రార్థన చేసుకున్నాను. రెండో సీసా వచ్చింది, మూడోది వచ్చింది. ప్రతి సీసాతో అదే పర్చా. ప్రతిసారీ దాన్ని పొయ్యిలో వేశాను.

మార్చిలో ఒక శనివారం, రొట్టెకు పిండి తడుపుతూ అమ్మ దగ్గితే పళ్ళెంలో రక్తం పడింది. నాన్న అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. రెండు ఊపిరితిత్తులూ పాడయ్యాయని డాక్టరు చెప్పాడు. "ఇత్‌నే దిన్ క్యా కర్ రహే థే?" అని అడిగాడు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నామో నాన్నకు తెలియదు. తెలిసినదాన్ని నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

వార్డులో ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"పర్చాలో ఆఖరి వరస నువ్వు చదవలేదు కదే."

నేను ఆమె దుప్పటి అంచు సర్దడం మొదలుపెట్టాను.

"నాకు ఆ అక్షరాలు రాకపోతే మాత్రం, నీ వేలు కనపడదా? అన్ని వరసల కిందా జరిగి, అక్కడికొచ్చి ఆగిపోయింది. మన గేటు ముందరున్న దుకాణానికి అడ్రసెందుకే పిచ్చిదానా? నా బిడ్డ నోట రాని మాటంటే అది నా గురించే అయ్యుంటదనుకున్నా."

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

"అడిగితే చెప్పేదానివి. తెలిశాక రొట్టె చెయ్యకూడదుగా, తల్లీ. ఇంకొక్క నెల, ఇంకొక్క నెల అనుకున్నా."

సూదులు వేశారు, మాత్రలు ఇచ్చారు. అమ్మ మే నెల దాటలేదు. తర్వాతి ప్రభు సంస్కారానికి రొట్టె పక్కింటి పిన్ని చేసింది. గళ్ళు వంకరగా వచ్చాయి. నా ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను, తినలేకపోయాను.

తర్వాత నేను నర్సు చదువుకు వెళ్ళాను. మొదటి ఏడాదే క్లాసులో చెప్పారు. టీబీ దగ్గినప్పుడు గాలిలో అంటుకుంటుంది, తిండి వల్ల కాదు, ఒకే గిన్నెలో తాగడం వల్ల కాదు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే చాలామందినుంచి ఇతరులకు అంటడం ఆగిపోతుంది. నేను నోట్సు రాయడం ఆపేసి బయటికి వెళ్ళి, మెట్లమీద కూర్చుని ఏడ్చాను. ఆ వెల్డింగాయన ఏ పాపానికి వెనక బెంచీలో కూర్చున్నాడు? అప్పుడే పరీక్ష చేయించుకుని ఉంటే, మా అమ్మ కొన్నాళ్ళు మందులు వాడి, మళ్ళీ పిండి తడిపి ఉండేది.

అంత పర్చాలో, టీబీ తిండి వల్ల అంటదనే ఆ ఒక్క వరుస లేదు. ఉండి ఉంటే, దాని పైనున్న వరుస కూడా అమ్మకు చదివి వినిపించేదాన్ని.